తలంటు పోసుకోవడం ఎలా? నూనె పెట్టడం మొదలు జుట్టు ఆరేదాకా

దీపావళి, భోగి, ఉగాది దగ్గర పడ్డాయంటే నాకు వచ్చే ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే. "తలంటు పోసుకుంటే రోజంతా జిడ్డుగానే ఉంటోందండీ, ఏం చేయాలి?" "పోసుకున్న మర్నాడే జలుబు పట్టుకుంటోంది, మాకు పడదేమో?" "సున్నిపిండి రాస్తే పిల్లాడికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి." "అత్తగారు పిల్లలకు తలంటు పోయమంటున్నారు, ఎలా పోయాలో నాకు తెలియదు, మా ఇంట్లో ఎప్పుడూ చేయలేదు." విడివిడిగా ఎంతమందికి చెప్పినా మళ్లీ పండగకి మళ్లీ అదే అడుగుతున్నారు. అందుకని ఈసారి మొత్తం వరుసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఇబ్బందులు వచ్చేది నూనె పెట్టడంలో కాదు, దించడంలో. ఒంటికి పట్టిన నూనెను పిండితో దించాలి, తలకు పట్టినదాన్ని కుంకుడుతో దించాలి, ఆ తర్వాతే వేడినీళ్ల పని. ఈ వరుస తప్పితే జిడ్డు పోదు. జిడ్డు పోలేదని గంటసేపు నీళ్లలో నానుతారు, అక్కడే జలుబు పడుతుందంటారు.

ఎప్పుడు పోసుకోవాలి, ఎవరు మానాలి

పండగల్లో ఉగాదికి, భోగికి, నరక చతుర్దశికి తలంటు తప్పనిసరి. మామూలు రోజుల్లో మగవాళ్లు శనివారం, ఆడవాళ్లు శుక్రవారం పోసుకోవడం మన వైపు ఆనవాయితీ. ఏకాదశి, అమావాస్య, తద్దినం రోజున, మైలలో ఉన్నప్పుడు నూనె తలంటు పనికిరాదంటారు. పండగ అభ్యంగనానికి, అంటే ఒళ్లంతా నూనె పట్టించి చేసే స్నానానికి మాత్రం ఈ తిథుల పట్టింపు లేదు.

ఆరోగ్యం సంగతికి వస్తే, పాతకాలపు ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు అష్టాంగహృదయం అనే గ్రంథంలో దినచర్య చెబుతూ అభ్యంగనాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. ముసలితనాన్ని, అలసటను, వాతాన్ని పోగొడుతుందని, మంచి నిద్ర పట్టిస్తుందని, చర్మాన్ని బాగుచేస్తుందని అన్నాడు. ఆ వెంటనే ఎవరు చేయకూడదో కూడా చెప్పాడు. కఫం పట్టి ఉన్నవాళ్లు, అజీర్ణంతో ఉన్నవాళ్లు, అప్పుడే శోధన చికిత్స (వాంతులు, విరేచనాలు చేయించి ఒంటిని శుభ్రం చేసేది) చేయించుకున్నవాళ్లు మానాలి. స్నానం దగ్గరికి వచ్చి విరేచనాలు, కడుపుబ్బరం, పడిశం, చెవి జబ్బులు, కంటి జబ్బులు ఉన్నప్పుడు, భోజనం చేసిన వెంటనే వద్దన్నాడు. మనవాళ్లు మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తున్నారు. జలుబుతో ఉన్న పిల్లాడికి "పండగ కదా" అని తలంటి పోస్తే జలుబు ముదరదా మరి? అలాంటి రోజున మాడున ఒక్క చుక్క నూనె పెట్టి, అక్షింతలు వేసి, మామూలు స్నానం చేయించండి. ఆచారం నిలుస్తుంది, పిల్లాడూ బాగుంటాడు.

ఇంకొందరు జాగ్రత్తపడాలి. పిక్క ఒకవైపే వాచి నొప్పిగా ఉంటే అక్కడ మర్దన చేయవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ముందు డాక్టరుకు చూపించుకోండి. గర్భిణులకు పొట్ట మీద నొక్కకూడదు, నీళ్లు గోరువెచ్చన దాటి వేడిగా ఉండకూడదు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారిన పెద్దవాళ్లకు నీళ్ల వేడి తెలియదు, ఇంకొకరు చూసి పోయాలి. బీపీ మందులు వేసుకునేవాళ్లు వేడినీళ్ల స్నానం అయ్యాక గభాలున లేస్తే కళ్లు తిరుగుతాయి. చర్మం మీద చీము, పుండు, తామర ఉంటే అది మానేదాకా ఆగండి. నువ్వులు పడనివాళ్లకు నువ్వుల నూనె వద్దనే వద్దు.

కావలసినవి (పెద్దవాళ్లు ఒక్కరికి)

నువ్వుల నూనె నాలుగైదు పెద్ద చెంచాలు, అంటే సుమారు 60 మిల్లీలీటర్లు. కోస్తాలో పప్పునూనె అనేది దీన్నే. గానుగ నూనె అయితే శ్రేష్ఠం. వేసవిలో వేడి చేస్తుందనుకునేవాళ్లు కొబ్బరినూనె వాడుకోవచ్చు. ఆముదం చిక్కన, ఒంటికి రాసుకుంటే దించడం చాలా కష్టం. మాడుకు మాత్రం, అదీ నువ్వుల నూనెలో నాలుగో వంతు కలిపి వాడండి.

ఇక్కడ రెండు పొరపాట్లు ఎక్కువగా జరుగుతున్నాయి. మొదటిది దీపారాధన నూనె. సీసా మీద దేవుడి బొమ్మ ఉంటుంది, నువ్వుల బొమ్మ కూడా ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో దీపానికి మాత్రమే అని రాసి ఉంటుంది. అందులో ఏయే నూనెలు కలిపారో మనకు తెలియదు. అది ఒంటికి పనికిరాదు. వంటకు పనికొచ్చే నువ్వుల నూనే కొనండి. రెండోది విదేశాల్లో ఉన్నవాళ్లు చేసేది. అక్కడి దుకాణాల్లో చైనా వంటల కోసం అమ్మే నల్లటి నువ్వుల నూనె వేయించిన నువ్వులతో తీసింది. ఘాటైన వాసన, ఒకసారి రాసుకుంటే రెండు రోజులు వదలదు. లేత పసుపు రంగులో ఉండే, వేయించని నువ్వుల నూనె తీసుకోండి.

సున్నిపిండి నాలుగు గుప్పెళ్లు. తయారీ కింద చెబుతాను.

కుంకుడుకాయలు పొట్టి జుట్టుకు ఎనిమిది పది, నడుము దాకా ఉన్న జుట్టుకు ఇరవై ఇరవై అయిదు.

ఇవి కాక పాత నూలు తువాళ్లు రెండు, పీట, చెంబు, రెండు బకెట్ల నీళ్లు. పండగైతే కుంకుమ, అక్షింతలు, హారతి పళ్లెం.

సున్నిపిండి ఇంట్లోనే ఆడించుకోవడం

పెసలు అర కిలో, శనగపప్పు పావు కిలో, బియ్యం 100 గ్రాములు, మెంతులు 50 గ్రాములు, గంధ కచ్చూరాలు 50 గ్రాములు, కస్తూరి పసుపు 25 గ్రాములు, వట్టివేళ్లు కొద్దిగా, ఎండిన గులాబీ రేకులు ఒక గుప్పెడు, నీడన ఎండబెట్టిన వేపాకు ఒక గుప్పెడు. గులాబీ రేకులు, వేపాకు తప్ప మిగతావన్నీ రెండు రోజులు ఎండలో పెట్టి, అన్నీ కలిపి మరలో ఆడించండి. ఈ కొలతకు కిలో దాకా పిండి వస్తుంది. నలుగురున్న ఇంటికి రెండుసార్లకు సరిపోతుంది.

మర దగ్గర ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. మీకంటే ముందు ఏం ఆడించారో అడగండి. కారం ఆడించిన మరలో సున్నిపిండి పట్టించుకొస్తే ఇంకేముంది, ఒళ్లంతా మంటే. పైన చెప్పిన "పిల్లాడికి దద్దుర్లు" సంగతి ఆరా తీస్తే చివరికి తేలింది ఇదే. బియ్యమో పెసలో ఆడాక మన వంతు వచ్చేలా చూసుకోండి. అది కుదరకపోతే మొదట వచ్చిన రెండు గుప్పెళ్ల పిండి పక్కన పారేయమనండి.

బావంచాల గురించి విడిగా చెప్పాలి. పాత పద్ధతుల్లో సున్నిపిండిలో బావంచాలు వేస్తారు, పచారీ కొట్లో అడిగితే ఇప్పటికీ ఇస్తారు. బొల్లి చికిత్సలో వాడే గింజ అది. చర్మం ఎండకు తట్టుకోలేకుండా చేసే గుణం దానికి ఉంది. రాసుకుని ఎండలోకి వెళితే కమిలిపోయి బొబ్బలెక్కవచ్చు. వైద్యుడి చేతిలో మందు అది, మన చేతిలో కాదు. ఇంటి పిండిలో వేయకండి, పిల్లల పిండిలో అసలు వేయకండి.

పిండి సరిగా పడిందో లేదో ఇలా చూడండి. చిటికెడు తీసి మణికట్టు లోపలి వైపు రుద్దండి. గీరుకుపోయినట్టు అనిపిస్తే బరకగా ఉన్నట్టు, పల్చటి బట్టలో జల్లించాలి. మరీ మెత్తగా పౌడరులా ఉంటే నూనె పీల్చుకుని ఒంటికి అట్టకడుతుంది. సన్నటి రవ్వకు, మైదాకు మధ్యలో ఉండాలి. పిండి ఎప్పుడూ పొడి సీసాలో పెట్టుకోండి. తడి చెయ్యి తగిలితే పురుగు పడుతుంది.

ఆడించుకునే తీరిక లేకపోతే వట్టి శనగపిండి మూడు వంతులు, బియ్యప్పిండి ఒక వంతు, చిటికెడు పసుపు కలిపి వాడండి. పని జరిగిపోతుంది.

కొత్త పిండైనా కొత్త నూనైనా ముందురోజు మోచేతి మడతలో కాస్త రాసి చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా వాడకండి.

ముందురోజు రాత్రి

కుంకుడుకాయల్ని రాయితో చితక్కొట్టి నల్ల గింజలు తీసేయండి. గింజతో సహా మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది. తోలు మాత్రం లీటరు మరిగే నీళ్లలో వేసి మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున చేత్తో బాగా పిసికితే నురగ పొంగుతుంది. పల్చటి బట్టలో రెండుసార్లు వడకట్టాలి. ఒక్కసారి వడకట్టి ఊరుకుంటే తోలు ముక్కలు జుట్టులో చిక్కుకుని సాయంత్రం దాకా దువ్వెనకు వస్తూనే ఉంటాయి. మర్చిపోయి పొద్దున గుర్తొస్తే పది నిమిషాలు ఉడికించి చల్లార్చండి. ఈ పులుసు ఆ పూటకే. మర్నాటికి పులిసి వాసన వస్తుంది.

కుంకుడుకాయలు దొరకనివాళ్లు శీకాయ పొడి నానబెట్టుకోవచ్చు. అదీ లేకపోతే మామూలు షాంపూ రెండుసార్లు పెట్టుకోండి, తప్పేమీ లేదు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో మాత్రం కుంకుడే మేలు. సబ్బులాగా అది ఉప్పునీళ్లలో విరిగి తెట్టుకట్టదు.

ఇక తలంటు

1. పీట వేసి కూర్చోబెట్టండి. పండగైతే పీట కింద చిన్న ముగ్గు, తూర్పు ముఖంగా కూర్చోవడం, బొట్టు పెట్టి హారతి ఇవ్వడం ఉంటాయి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లు మాడున మూడుసార్లు నూనె అంటుతారు. మా అమ్మమ్మ నూనె అంటుతూ "అశ్వత్థామా బలిర్వ్యాసో హనూమాంశ్చ విభీషణః, కృపః పరశురామశ్చ సప్తైతే చిరజీవినః" అని ఏడుగురు చిరంజీవుల్ని తలచుకునేది. శ్లోకం నోటికి రాకపోతే "చిరంజీవిగా ఉండు నాన్నా" అని నూనె పెట్టండి, అర్థం అదే.

2. నూనె గిన్నెను వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేయండి. పొయ్యి మీద నేరుగా పెట్టవద్దు. నూనెకు ఆవిరి రాదు, ఎంత వేడెక్కిందో పైకి తెలియదు. మణికట్టు మీద చుక్క వేసుకుని చూశాకే రాయండి. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట చల్లగా ఒకచోట మరుగుతూ ఉంటుంది. పిల్లల నూనెకు అసలు వద్దు.

3. ముందు తల, తర్వాత ఒళ్లు, చివర పాదాలు. "శిరఃశ్రవణపాదేషు తం విశేషేణ శీలయేత్" అన్నాడు వాగ్భటుడు. తలకు, చెవులకు, పాదాలకు నూనె ప్రత్యేకంగా పట్టించమని. తలకు వేళ్ల కొసలతో, గోళ్లు తగలకుండా, మాడు నుంచి చుట్టూ జరుగుతూ రుద్దాలి. చెవులకు అంటే తమ్మెలకు, వెనక మడతకు. చెవిలోకి నూనె పోయకండి. చెవి పొర చిల్లుపడిన సంగతి చాలామందికి తెలియదు, అలాంటి చెవిలో నూనె పడితే చీము పడుతుంది. చేతులకు, కాళ్లకు పొడుగ్గా, కీళ్ల దగ్గర గుండ్రంగా, పొట్ట మీద మెల్లగా రాయండి. అరికాళ్లు చివర. నూనె కాళ్లతో నడవాల్సి వస్తుంది కాబట్టి రాయగానే పాత సాక్స్ తొడుక్కోండి, లేదా అక్కడే కూర్చోండి. తలంటు రోజున జరిగే ప్రమాదాల్లో జారిపడటమే పెద్దది, అందులోనూ నున్నటి టైల్స్ ఉన్న ఇళ్లలో.

4. పెద్దవాళ్లకు అరగంట, మహా అయితే నలభై అయిదు నిమిషాలు. పిల్లలకు పావుగంట చాలు. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిదనుకోవద్దు. చుండ్రు ఉన్న తలలో రాత్రంతా నూనె నిలవుంటే చుండ్రు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే చుండ్రుకు కారణమయ్యే బూజు ఆ కొవ్వునే తిని బతుకుతుంది. ఈ అరగంటా ఫ్యాను కింద కూర్చోకండి.

5. ఇప్పుడు నలుగు. చాలామంది తప్పేది ఇక్కడే. సున్నిపిండిని నీళ్లతో పలచగా కలిపి సబ్బులా పూస్తారు. అలా చేస్తే నూనె పైన నీళ్ల పిండి జారిపోతుంది, నూనె ఉన్నచోటే ఉంటుంది. మొదటి విడత పిండి పొడిగానే తీసుకోండి. ఒంటి మీది నూనెలో పొడి పిండి చల్లి అరచేత్తో కింది నుంచి పైకి రుద్దండి. పిండి నూనె పీల్చుకుని చిన్న చిన్న ఉండలుగా రాలుతుంది. పార్వతీదేవి ఇలా రాలిన నలుగు పిండితోనే కదా వినాయకుణ్ణి చేసింది. ఆ ఉండలు ఎలా ఉన్నాయో చూస్తే మీ పని ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. జిడ్డుగా, ముదురు రంగులో, వేళ్లకు అంటుకుంటుంటే ఇంకా నూనె ఉంది, ఇంకో గుప్పెడు పిండి వేయండి. పొడిపొడిగా, లేత రంగులో రాలుతుంటే ఆపేయండి. అంతకుమించి రుద్దితే చర్మం చిరచిరలాడుతుంది.

రెండో విడత పిండిలో మాత్రం కాస్త నీళ్లో పాలో కలిపి చపాతీ పిండిలా చేసి మెడ, చంకలు, మోకాళ్ల వెనక తుడవండి. ముఖానికి ఈ మెత్తటి ముద్ద మాత్రమే. పొడి పిండి ముఖాన రుద్దకండి, కళ్లలో, ముక్కులో పడుతుంది.

రాలిన నలుగును చీపురుతో ఎత్తి చెత్తబుట్టలో వేయండి, లేదా మొక్కల మొదట్లో వేయండి. నీళ్లతో కొడితే అపార్ట్‌మెంట్ గొట్టంలో నూనె, పిండి కలిసి గడ్డకట్టి, పండగ పూట ప్లంబరు కోసం తిరగాలి. కిందో పాత పేపరు పరిచి దాని మీద పీట వేసుకుంటే ఆ బాధే ఉండదు.

6. తల. నీళ్లు పోయకముందే కుంకుడు పులుసు పోయాలి. తడి జుట్టు మీద కంటే నూనె జుట్టు మీద కుంకుడు బాగా పట్టుకుంటుంది. మొదటి విడత నురగ రాదు, కంగారుపడవద్దు, అది నూనెతో సరిపోతుంది. కొద్దిగా నీళ్లు పోసి కడిగి రెండో విడత పోయండి. ఇప్పుడు నురగ రావాలి. రాకపోతే మూడోసారి. కడిగాక నుదుటి దగ్గర, చెవుల వెనక, మెడ మీద ఒక పాయ తీసి రెండు వేళ్ల మధ్య లాగండి. కీచుమన్నట్టు గరగరలాడితే నూనె పోయినట్టు. వేళ్లు నున్నగా జారితే ఇంకా ఉన్నట్టు. చాలామందికి మెడ మీద మిగిలిపోతుంది.

కుంకుడు కంట్లో పడితే భగ్గుమంటుంది. కళ్లు గట్టిగా మూసి, తల ముందుకు కాకుండా వెనక్కి వంచి పోయించుకోండి. మా చిన్నప్పుడు కళ్లు మండకుండా నోట్లో ఉప్పు కల్లు పెట్టేవారు. నాలుక మీద అది కరిగేలోపు తలంటు అయిపోవాలని మేము కదలకుండా కూర్చునేవాళ్లం. మందుగా అది పనిచేస్తుందని నేను చెప్పను గానీ పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడానికి బాగా పనిచేసేది. నిజంగా కంట్లో పడితే మాత్రం రుద్దకుండా మంచినీళ్లతో పది నిమిషాలు కడగండి. మంట, ఎరుపు ఆ పూట తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

7. నీళ్లు. ఒంటికి పోసే నీళ్లు వేడిగా, తలకు పోసేవి గోరువెచ్చగా ఉండాలి. ఇది కూడా వాగ్భటుడి మాటే. మెడ కింది భాగానికి వేడినీళ్లు బలమిస్తాయి, అవే తలకు పోస్తే జుట్టుకూ కళ్లకూ చేటు అన్నాడు. అందుకే రెండు బకెట్లు అడిగాను. మోచెయ్యి ముంచి చూడండి, చురుక్కుమంటే పిల్లలకు, ముసలివాళ్లకు పనికిరావు. స్నానం పది నిమిషాల్లో అయిపోవాలి. నూనె అప్పటికే దించేశారు కాబట్టి అంతకంటే పని ఉండదు.

బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మామూలు రోజున పది నిమిషాలు వెలిగేది తలంటు రోజున ఒకరి తర్వాత ఒకరికి గంట, గంటన్నర వెలుగుతుంది. కిటికీ మూసి ఉంటే విషవాయువు నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తర్వాత మగత, అరిచే ఓపిక కూడా ఉండదు. నీళ్లు ముందే బకెట్లలో పట్టేసి గీజర్ ఆపి, కిటికీ తెరిచి, అప్పుడు లోపలికి వెళ్లండి. బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టేవాళ్లు ప్లగ్గు తీసేశాకే నీళ్లు ముట్టుకోండి.

8. నరక చతుర్దశి అయితే స్నానం మధ్యలో ఉత్తరేణి కొమ్మ తల చుట్టూ తిప్పుతారు. "సీతాలోష్టసమాయుక్త సకంటకదళాన్విత, హర పాపమపామార్గ భ్రామ్యమాణః పునః పునః" అని మంత్రం. అపామార్గం అంటే ఉత్తరేణి. సీతాలోష్టం అంటే నాగటి చాలులోని మట్టిగడ్డ. దున్నిన పొలం మట్టి కాస్త ఆ కొమ్మతో కలిపి తిప్పాలన్నమాట. పొలం అందుబాటులో లేనివాళ్లు కొమ్మ ఒక్కటే తిప్పుతారు. ఉత్తరేణిని గుర్తుపట్టడం తేలిక. పొడుగాటి కంకి, దాని గింజలు కిందికి వంగి ఉంటాయి, పక్క నుంచి నడిస్తే చీరకు, పంచెకు పట్టుకుంటాయి. వినాయక చవితి పత్రిలో కూడా ఇది ఉంటుంది కాబట్టి అప్పుడే మొక్క ఎక్కడుందో చూసిపెట్టుకోండి. కళ్లకు తగలకుండా పైనుంచి తిప్పండి. ఈ తలంటు సూర్యోదయానికి ముందే అయిపోవాలి. "తైలే లక్ష్మీర్జలే గంగా" అని ఆ వేళ నూనెలో లక్ష్మి, నీళ్లలో గంగ ఉంటారని పెద్దల మాట. నలుగురున్న ఇంట్లో ఒక్కరే అందరికీ పోయాలంటే నాలుగింటికే లేవాలి.

9. ఆరబెట్టడం. నూలు తువాలుతో జుట్టును ఒత్తి, చుట్టి వదిలేయండి. బరబరా రుద్దితే తడి జుట్టు తెగుతుంది. "తలంటు పోసుకుంటే జుట్టు ఊడుతోంది" అనేవాళ్లలో చాలామంది రుద్ది, తడి మీదే దువ్వినవాళ్లు. ముప్పావు వంతు ఆరాక పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయండి. సాంబ్రాణి వేసుకునే అలవాటుంటే గది కిటికీ తెరిచి, నిప్పుకు మూరెడు దూరంలో జుట్టు ఉంచండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉన్న గదిలో పొగ వద్దు. తడి తలతో ఏసీలోకి, బండి మీదకి వెళ్లకండి. ఆ పూట మిరియాల చారు, వేడన్నం తినండి. తలంటు పోసుకున్న రోజు పగటి నిద్ర వద్దంటారు పెద్దవాళ్లు. నిద్ర మాత్రం ముంచుకొస్తుంది.

సరిగా అయిందా?

గంట తర్వాత ముంజేతిని తెల్ల కాగితం మీద అద్ది చూడండి. నూనె మరక పడితే పిండి తక్కువైంది. గోరుతో గీస్తే తెల్లగీత పడితే పిండి ఎక్కువైంది, లేదా నూనె ఆగిన సమయం చాలలేదు. ఆ రెండూ లేకుండా చర్మం మెత్తగా, పొడిగా ఉంటే సరిగ్గా వచ్చినట్టు. మొదటిసారికే రాకపోవచ్చు, మూడోసారికి కొలత చేతికి తెలిసిపోతుంది.

జుట్టు ఒత్తుగా వస్తుందా అని అడుగుతారు. ఉన్న జుట్టు మెరుస్తుంది, తెగడం తగ్గుతుంది. రాలిపోయినచోట కొత్తది మొలిపించేది కాదిది. మోకాళ్ల నొప్పులకు హాయిగా ఉంటుంది, కానీ వేసుకునే మందులు ఆపకండి.

చంటిపిల్లలకు పోసేటప్పుడు

బొడ్డు ఊడి, పుండు పూర్తిగా మానేదాకా అక్కడ నూనె తగలనీయకండి. ముక్కులో, చెవుల్లో, నోట్లో నూనె చుక్కలు వేసే అలవాటు మానుకోండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది, ఆ బిడ్డను ఆస్పత్రిలో చూస్తే మళ్లీ ఎవరూ ఆ పని చేయరు. మాడు మెత్తగా ఉన్నచోట చేత్తో అద్దడమే, నొక్కడం కాదు. ముక్కు, తల సాపు చేస్తామని వేళ్లతో పిండవద్దు. కుంకుడు వద్దు, పిల్లల షాంపూ చాలు. సున్నిపిండి బదులు జల్లించిన పెసరపిండిని పాలతో కలిపి మెత్తగా తుడవండి. కాళ్లు చాపుకుని బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి పోసే పద్ధతి చక్కనిదే. కానీ నూనె ఒళ్లు పట్టు జారుతుంది. నీళ్లు అందించడానికి పక్కన ఇంకొకరు ఉండాలి, బిడ్డ మీద నుంచి ఒక చెయ్యి ఎప్పుడూ తీయకూడదు.

అందరిదీ అయ్యాక

నూనె తువాళ్లను విడిగా వేడినీళ్లు, సబ్బుపొడిలో నానబెట్టి ఉతకండి. అమెరికా, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. నూనె పూర్తిగా వదలని తువాళ్లను డ్రయ్యర్‌లో వేయకండి. నూనె ఇంకిన నూలుబట్ట ఆ వేడికి లోలోపల రాజుకుని అంటుకుంటుంది, డ్రయ్యర్ ఆపాక కూడా మడత పెట్టిన బట్టల్లోనే అంటుకోవచ్చు. తీగ మీద ఆరేయండి.

బాత్రూం గచ్చు మీద మిగిలిన సున్నిపిండి చల్లి, చీపురుతో రుద్ది, ఎత్తేసి, ఆ తర్వాత సబ్బునీళ్లతో కడగండి. పాదం ఆనించి చూడండి. జారుతుంటే మళ్లీ కడగండి. ముసలివాళ్లు ఆ తర్వాతే లోపలికి వెళ్లాలి.